అద్దడమే

ఏప్రిల్లో కాలువలు కట్టేశాక
నరసాపురంలో ప్రతి మొహానికీ బోరునీళ్ళ రుచి వస్తుంది.
సబ్బు నురగదు.
కడిగిన చెంప ఆరాక
సన్నగా ఒక తెల్లటి గీత,
సముద్రం మా పేట దాకా నడిచొచ్చి
వెళ్ళడం మర్చిపోయినట్టు.

ఆ గీత కోసమే నా బల్ల మీద ఈ సీసా.
పెళ్ళికూతుళ్ళకి చెప్తాను, డిగ్రీ పిల్లలకి చెప్తాను,
రొయ్యల ఫ్యాక్టరీలో రాత్రంతా మాస్కు కట్టుకుని
చెవుల వెనక ఒరుసుకుపోయి వచ్చే నూకరత్నానికి చెప్తాను:
ముందు కడుక్కో. పొడిగా తుడిచెయ్యకు,
చెమ్మ ఉండగానే టోనరు.
గులాబీ బొమ్మని నమ్మకు, వెనక చీటీ చదువు,
స్పిరిట్ ఉందంటే నీకొద్దు.
మంట పుడితే పనిచేస్తున్నట్టు కాదు,
మండుతున్నట్టు.

నలుగురిలో ఒకరు వింటారు.
మిగతా ముగ్గురూ దూది పట్టుకుని
చేపల గిన్నె తోమినట్టు తోముకుంటారు.

నిన్న మధ్యాహ్నం కరెంటు పోయిన వేళ
సువార్తమ్మ వచ్చింది, చెప్పులు బయట విడిచి.
(నా పార్లరు బయట ఎవరూ విడవరు.)
కుట్టు తప్పిన లేసు ముక్కలో చుట్టిన నీలం సీసా ఒకటి
బల్ల మీద పెట్టింది.
మనవరాలు ఆన్‌లైన్లో తెప్పించి, నచ్చక వదిలేసిందట.
"ఇది ఏ నొప్పికే అమ్మాయ్?
వారం నుంచి మోకాళ్ళకి రాస్తన్నా, గుణం లేదు."

నవ్వు దాచుకోడానికి విసనకర్ర అందుకున్నాను.
"మోకాళ్ళకి కాదు పిన్నీ, మొహానికి."
"మొహానికేం రోగం?"

దానికి నా దగ్గర జవాబు లేదు.
కుర్చీ చూపించాను.

నలభయ్యేళ్ళు లేసు అల్లిన మనిషి.
సూది మొన మీదే చూపు నిలిపి నిలిపి
కనుబొమల మధ్య రెండు మడతలు.
వెలుతురు కోసం గుమ్మంలో కూచుని కూచుని
వీధి వైపు చెంప ఒక్కటే నల్లబడింది.
రెండోది ఇంకా ఇంట్లోనే ఉంది.

అరచేతిలో నాలుగు చుక్కలు.
రెండు చేతులూ కలిపి, విప్పి,
బుగ్గల మీద ఆనించి, ఆగి,
"ఇలా. రుద్దకూడదు, అద్దాలి.
లోపలికి దారి దానికి తెలుసు,
మనం తొయ్యక్కర్లేదు."

కళ్ళు మూసుకునే అంది:
"ఓస్, లేసు ఉతకడమేగా!"

నాకు తెలీదు. ఆవిడే చెప్పింది.
అల్లిన పువ్వుని పిండకూడదట,
పిండితే కన్నాలన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఏడుస్తాయట.
నానబెట్టి, తెల్ల తువ్వాల్లో పరిచి,
పైనుంచి అరచేత్తో నొక్కి, తీసి,
నొక్కి, తీసి.
"దారం తాగిన నీళ్ళు దారమే వదుల్తాది.
తొందర మనదే."

ఎన్ని వేల బల్లగుడ్డలు ఆరాయో ఆ చేతుల కింద!
ఓడలెక్కిపోయి, ఆవిడ పేరు పలకలేని ఊళ్ళల్లో
ఎవరి టీ కప్పు కిందో పరుచుకుని ఉంటాయి.
పద్నాలుగేళ్ళుగా నేను చెప్తున్న పాఠం
ఈ సందులో ప్రతి ఇంట్లోనూ తువ్వాలు మీద ఉంది,
మొహం దాకా రాలేదంతే.

మెడ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి పట్టుకుంది.
"అక్కడొద్దులే, దండగ. రవికె మీద మరకవుద్ది."
"మరకేం పడదు పిన్నీ, నీళ్ళే."
"నీళ్ళకా నాలుగొందలు!"
వేళ్ళ మీద లెక్కేసింది,
ఒక సీసాకి ఎన్ని పువ్వులు, పువ్వుకి ఎన్ని గంటలు.
ఉంగరం వేలి దగ్గర లెక్క వదిలేసింది.
"సరే, మెడక్కూడా అద్దు."

క్రీముకి ముందు ఒక నిమిషం ఆగాలి,
ఆగమన్నాను.
నా పార్లర్లో ఎవరూ ఆగని నిమిషం అది,
ఫోను చూస్తారు, టైము అడుగుతారు.
ఆవిడ ఒళ్ళో చేతులు వెల్లకిలా పెట్టుకుని
సూది లేకుండా కూచుంది.

ఇంతలో కరెంటొచ్చింది.
ఫ్యాను వెయ్యబోతే
"ఉండు" అంది, కళ్ళు తెరవకుండానే,
"ఆరిపోద్ది."